ఏ చోటనైనా ఆడగలవాడు
(యువజన క్రీడా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పిల్లలు ఫుట్‌బాల్ జట్టు కట్టగానే మొదట వచ్చే తగవు ఒకటే. అందరికీ ముందుండి గోలు కొట్టాలనే కోరిక. వెనక కాపు కాయడానికి ఎవరూ రారు. "ఎక్కడ నిలబెట్టినా ఆడతాను" అనే కుర్రవాడు ఒక్కడుంటే, ఏ ఖాళీ వచ్చినా వాణ్ణే పంపిస్తాం. మెచ్చుకోవడం మాత్రం మరచిపోతాం. ఈ నాలుగు మాటలూ వాణ్ణి గురించే.

1962లో ఆసియా క్రీడలు మన మలేసియాకు పొరుగునున్న జకార్తాలో జరిగాయి. భారత జట్టు శిక్షకులు హైదరాబాదు వాస్తవ్యులైన సయ్యద్ అబ్దుల్ రహీమ్. రక్షణ పంక్తిలో ఆయనకు పెట్టనికోట జర్నైల్ సింగ్. థాయిలాండ్‌తో జరిగిన ఆటలో జర్నైల్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఇంకెవరైనా ఆయనను విశ్రాంతికి పంపేవారేమో. రహీమ్ మాత్రం సెంటర్ ఫార్వర్డుగా ముందుకు పంపారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచినప్పుడు ఒక గోలు జర్నైల్‌దే. సెప్టెంబరు 4న ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో గెలిచి స్వర్ణం అందుకున్నప్పుడూ ఒక గోలు ఆయనదే. ఆ పోటీల్లో కాంస్యం మన మలయాకే దక్కిందన్నది కూడా మన పిల్లలు తెలుసుకోవాలి.

ఇందులో గ్రహించవలసినదేమిటి? ఇన్నేళ్ళు ఎదుటివారిని అడ్డుకున్నవాడికి ఆ అడ్డును దాటే ఒడుపు కూడా తెలుస్తుంది. జట్టులో అటువంటివాడు ఒక్కడుంటే శిక్షకునికి ఇద్దరున్నట్లే.

అయితే ఇక్కడ ఒక అన్యాయమూ జరుగుతుంది. ఎక్కడైనా ఆడతాడు కదా అని, వాడికంటూ ఏ చోటూ ఇవ్వం. 2014 ప్రపంచ కప్పులో జర్మనీ ఆటగాడు ఫిలిప్ లామ్ మొదట మధ్య పంక్తిలో ఆడి, క్వార్టర్ ఫైనల్ నుంచి కుడివైపు రక్షణకు మారాడు. కప్పు గెలిచిన ఆ జట్టుకు నాయకుడూ అతడే. చోటు మారినా అతని గౌరవం తగ్గలేదు.

మన తాతలు పొద్దున రబ్బరు పాలు తీసి, సాయంత్రం భజనలో మద్దెల పట్టి, దీపం వెలుగులో పిల్లలచేత అక్షరాలు దిద్దించినవారు. ఇది నా పని కాదని వారు అనలేదు. అందుకే మనమీనాడు తెలుగులో మాట్లాడుకుంటున్నాం.

ఈ ఏడు బహుమతుల్లో ఒకటి, అడిగిన చోటల్లా ఆడిన పిల్లవాడికి ఇద్దామని మా మనవి. ఇచ్చేముందు, "నాయనా, నీకే చోటు ఇష్టం?" అని ఒక్కసారి అడుగుదాం.

సెలవు.