పిల్లల చేతికి అద్దం

నేను ఉర్దూ మీడియం పంతుల్ని. తెలుగులో తప్పులు దొర్లితే మన్నించండి.

పోయిన ఏడాది మా తొమ్మిదో తరగతి పిల్లలకు ముఖచిత్రాలు నేర్పమని మన నరసరావుపేటలోనే బోర్డులు రాసే ఒక ఆర్టిస్టును పిలిచాము. ఒకప్పుడు సినిమా బ్యానర్లు గీసిన చేయి. ఫ్లెక్సీలు వచ్చి ఆ పనిని మింగేశాయి. ఆయన ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. ఇద్దరికొక చిన్న అద్దం ఇచ్చి, "ఎవరి మొహం వాళ్ళే గీయండి" అన్నారు. దాదాపు అందరూ కళ్ళను నుదుటి మీద పెట్టారు. అప్పుడు నడినెత్తి నుంచి గడ్డం దాకా దారంతో కొలిపించారు. కళ్ళు సుమారు సగంలో ఉన్నాయి! రెండు కళ్ళ నడుమ మరో కన్ను పట్టే చోటుంటుందనీ చూపించారు. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పిన నాకూ ఆ సంగతి ఆ రోజే తెలిసింది.

ఒక అమ్మాయి తన కనుబొమ మీది మచ్చ వదిలేసింది. "అది నీదే కదమ్మా, దాన్నీ గీయి" అన్నారాయన. చాలాసేపు ఆలోచించి గీసింది.

మూడో రోజు ఒక తండ్రి వచ్చి, "మాస్టర్ సాబ్, ప్రాణమున్నవాటి బొమ్మలు మనకు తగునా?" అని అడిగారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసేయను. తీర్పు చెప్పవలసినది ఉలమాలు, నేను కాదు. ఆయన బిడ్డకు ఖుష్‌ఖత్, ఆకులు, పూలు ఇచ్చాము. బలవంతం లేదు. అయితే మన చరిత్రలో ముఖచిత్రాలూ ఉన్నాయి. అబుల్ హసన్ అనే కుర్రవాడు 1600లో, పదమూడేళ్ళ వయసులో, జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ అచ్చుబొమ్మను చూసి గీసిన చిత్రం నేటికీ ఆక్స్‌ఫర్డ్‌లో ఉంది. తండ్రి ఆకా రిజా కూడా చిత్రకారుడే. తరువాత జహంగీర్ పాదుషా అతనికి నాదిరుజ్జమాన్ బిరుదిచ్చాడు.

అంత దూరం ఎందుకు? రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర స్వయంగా చిత్రకారుడు. దామెర్ల రామారావు చేతిలోని పనితనం గుర్తించి, బొంబాయి జె.జె. స్కూలుకు పోయేట్లు చేశారు. రామారావు 1925లో, ఇరవై ఎనిమిది నిండకుండానే పోయాడు. ఆ కొద్ది కాలంలోనే రాజమండ్రిలో మరికొందరికి బొమ్మలు నేర్పాడు.

ఈ ఏడాది కూడా ఆర్టిస్టును పిలవదలచాము. ఊరికే రమ్మనడం న్యాయం కాదు, ఆయనకూ ఇల్లుంది. రోజుకూలికి తగ్గకుండా సంఘం ఇవ్వాలని నా మనవి. ఇళ్ళల్లో వాడని చిన్న అద్దాలుంటే పంపండి. పోయినసారి ఇద్దరికి ఒకటే సరిపోయింది.