నేలకి ఒక్క ఏడాది చాలదు
(మహాసభల వ్యవసాయ చర్చావేదికలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వ్యవసాయ శాస్త్రవేత్తను కాను. ఇంజనీరింగు చదివి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి. మీలో చాలామందిలాగే నాకూ ఊళ్ళో కొంత పొలం ఉంది. కర్నూలు జిల్లాలో నాలుగెకరాల ఎర్రచేను. దాన్ని కౌలుకిచ్చి ఇక్కడ ఉంటున్నాను. ఆ హోదాలోనే నాలుగు మాటలు చెబుతాను.

ఇస్రో వారి అహ్మదాబాదు కేంద్రం 2021లో వెలువరించిన అట్లాసు ప్రకారం, 2018-19 నాటికి మన దేశ విస్తీర్ణంలో 29.77 శాతం, అంటే దాదాపు 9.8 కోట్ల హెక్టార్ల నేల, క్షీణించిపోయింది. శాస్త్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వారు 2000 తర్వాత మహబూబ్‌నగర్, నల్గొండ, కర్నూలు జిల్లాల మెట్టచేలల్లో మట్టి పరీక్షలు చేశారు. పంట తగ్గడానికి వానలే కారణమని అందరూ అనుకుంటుంటే, ఎక్కువ చేలల్లో గంధకం, బోరాన్, జింకు లోపించాయని తేలింది. కర్ణాటక ప్రభుత్వం 2009లో ఇదే దారిలో ‘భూచేతన’ పథకం పెట్టింది. 2015లో కేంద్ర ప్రభుత్వం 12 పరీక్షలతో భూసార కార్డులు మొదలుపెట్టింది.

మరి తెలిసిన సంగతి చేలోకి ఎందుకు దిగడం లేదు? నా మటుకు నాకు కనిపించిన కారణం ఒకటుంది. రికార్డులో పేరు మనది, నాగలి ఇంకొకరిది.

జిప్సం, జింకు వేస్తే ఒకటి రెండు పంటల్లో ఫలితం కనిపిస్తుంది. కానీ చెరువు మట్టి తోలించడం, గొర్రెల మంద కట్టించడం, గట్లు వేయడం, నేలలో సేంద్రియ కర్బనం పెంచడం ఏళ్ళ తరబడి పని. వచ్చే ఉగాదికి ఈ చేను తనకుంటుందో లేదో తెలియని కౌలుదారు సొంత డబ్బుతో మట్టి ఎందుకు తోలిస్తాడు? యూరియా చల్లి ఈ ఏడు గట్టెక్కితే చాలనుకుంటాడు. అతని స్థానంలో ఉంటే మనమూ అంతే.

చట్టాలు లేక కాదు. 1956 నాటి ఆంధ్ర ప్రాంతపు కౌలు చట్టం కౌలు కనీసం 6 ఏళ్ళుండాలంది. భూమి పోతుందన్న భయంతో యజమానులు కౌలును కాగితం మీదకే రానివ్వలేదు. 2011లో ఏడాది కాలానికి రుణ అర్హత కార్డు వచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్ చట్టం 11 నెలల ఒప్పందం తెచ్చి, యజమాని సంతకం కావాలంది. ఆ సంతకం పెట్టడానికే చాలామంది వెనుకాడారు. భయం ఉండటం సహజమే. కానీ ఆ భయానికి మూల్యం చెల్లిస్తున్నది నేల.

మనం ఉంటున్న ఈ అమెరికాలోనూ ఇది జరిగింది. 1930లలో కాన్సాస్, ఓక్లహోమా మైదానాలు దుమ్మయి లేచిపోయినప్పుడు, ఆ చేలల్లో కొన్ని ‘సూట్‌కేసు రైతులవి’. గోధుమ విత్తి వెళ్ళిపోయి, మళ్ళీ కోతలకు వచ్చేవారు. ధర పడిపోయాక రావడమే మానేశారు. వాళ్ళ చేల దుమ్ము పక్కవాడి చేను మీద పడింది. 1935 ఏప్రిల్‌లో నేల సంరక్షణ చట్టం వచ్చేసరికి జరగాల్సిన నష్టం జరిగిపోయింది. సూట్‌కేసులు మనకూ ఉన్నాయి కదా!

అందుకే నా మనవి. ఈసారి వేసవి సెలవులకు ఊరెళ్ళినప్పుడు, విత్తనం పడకముందే మట్టి పరీక్ష చేయించండి. ఆ కాగితం బీరువాలో పెట్టకుండా కౌలుదారుతో కలిసి చదవండి. చట్టం అడిగిన చోట సంతకం పెట్టండి. అదే మనిషికి వరసగా నాలుగైదేళ్ళు ఇస్తానని మాటివ్వండి. చెరువు మట్టికీ గట్లకూ అయ్యే ఖర్చు మీరు భరించండి. చివరికి మిగిలే నేల మీదే కదా.

ఊళ్ళో గుడికీ బడికీ మనం చందాలిస్తూనే ఉన్నాం. ఆ ఊరికి అన్నం పెట్టే నేలకి మనం ఇవ్వవలసింది కాస్త వ్యవధి.