మీరు ఏ క్రిస్టియన్స్?
(యువజన అధ్యయన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



సంస్కృతి, సాంఘికీకరణ, ఆధునికోత్తర సమాజం. మూడూ పెద్ద మాటలే. ఉన్న సమయం అరగంట, అదీ భోజనాల తర్వాత! అందుకని పుస్తకం పక్కనపెట్టి నేను పుట్టి పెరిగిన కోలారు బంగారు గనుల సంగతులతోనే మాట్లాడతాను. మీలో కొందరి తాతలు కూడా చిత్తూరు వైపు నుంచి ఆ గనులకు నడిచివచ్చినవాళ్లే కదా.

మొదట సంస్కృతి. ఈ మాటను మనం పొగడ్తగానో తిట్టుగానో వాడుతుంటాం. 'వాళ్లకు కల్చర్ లేదు' అంటాం. గనుల్లో దొరల బంగళాలు, క్లబ్బు ఒకవైపు, కూలీల లైన్లు మరోవైపు ఉండేవి. బంగళాల వైపు కల్చర్ ఉందనీ, లైన్లలో లేదనీ మావాళ్లే నమ్మేవారు. సమాజశాస్త్రం అలా చూడదు. ఎడ్వర్డ్ టైలర్ 1871లో ఇచ్చిన నిర్వచనంలో జ్ఞానం, నమ్మకం, కళ, నీతి, చట్టం, ఆచారం, మనిషి సమాజంలో ఉంటూ నేర్చుకున్న ఇతర అలవాట్లు అన్నీ కలిసి ఉన్నాయి. అక్షరం రాని మా అవ్వకు వందకు పైగా కీర్తనలు నోటికి వచ్చు. అది సంస్కృతి. కూరలో పులుపు ఎంత వెయ్యాలో తెలియడం సంస్కృతి. ఎవరింటి ముందు ఎక్కడ నిలబడాలో తెలియడం కూడా సంస్కృతే.

ఆ నిర్వచనంలో నాకు ముఖ్యమైన మాట 'నేర్చుకున్న' అన్నది. మన పెద్దలు 'అది రక్తంలోనే ఉంది' అంటుంటారు. రక్తంలో ఉండేది గ్రూపు మాత్రమే. మిగతాదంతా ఎవరో ఒకరు నేర్పిందే.

ఆ నేర్పడమే సాంఘికీకరణ. మనకు సంఘం అంటే చర్చి కాబట్టి ఈ మాట వినగానే బాప్తిస్మం గుర్తొస్తుందేమో. ఇక్కడ సంఘం అంటే సమాజం. పుట్టిన బిడ్డను సమాజం తనలో ఒకడిగా తయారు చేసుకోవడం. మా లైన్లలో పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడం. ఏ భాష ఎప్పుడు మాట్లాడాలో ఎవరూ పాఠం చెప్పలేదు. నాలుక దానంతట అదే మారేది. మేం గని ఆట ఆడుకునేవాళ్లం. ఒకడు మేస్త్రీ, ఒకడు దొర, మిగిలినవాళ్లం కూలీలం. దొర ఎప్పుడూ గుమాస్తా గారి అబ్బాయే. అలా ఎందుకని మేం ఒక్కసారీ అడగలేదు. పిల్లలు ఇతరుల పాత్రలు ఆడుతూనే 'నేను' అనేదాన్ని తయారు చేసుకుంటారని జార్జ్ హెర్బర్ట్ మీడ్ చెప్పింది చదివినప్పుడు నాకు ఆ గుమాస్తా గారి అబ్బాయే కళ్లముందు కదిలాడు. ఇతరుల కళ్లు అనే అద్దంలో కనిపించే మనల్నే మనం 'నేను' అనుకుంటామని చార్లెస్ కూలీ 1902లో రాశాడు. (ఇంటిపేరు కూలీ కాబట్టి లైన్లలో పుట్టిన నాకు ఆయన మొదటిరోజే దగ్గరయ్యాడు.)

ఇప్పుడు కొంచెం కష్టమైన సంగతి. నాకు ఆరేళ్లప్పుడు అవ్వ ఒక పెద్దింటికి తీసుకెళ్లింది. గుమ్మం బయటే ఆపి, 'నాయనా, కుండ ముట్టుకోకు, దోసిలి పట్టు, వాళ్లే పైనుంచి పోస్తారు' అని చెవిలో చెప్పింది. నా మీద కోపంతో చెప్పలేదు. ఎవరూ నన్ను ఒక మాట అనకూడదని, ప్రేమతో చెప్పింది. ఆ ఇంట్లోనూ నా వయసు పిల్లవాడు ఒకడున్నాడు. చెంబు ఎంత ఎత్తున పట్టుకోవాలో వాడికీ వాళ్ల అవ్వ ప్రేమగానే నేర్పి ఉంటుంది. కులం ఇన్ని తరాలు నిలబడింది దౌర్జన్యంతో మాత్రమే కాదు, ఇలా ప్రేమగా ఒడిలో కూర్చోబెట్టుకుని నేర్పడం వల్ల కూడా.

మరి గుడిలో? మేం వెళ్లే గుడిలో రెండు వరుసలుండేవి. మాలవాళ్లు ఒకవైపు, మాదిగవాళ్లు ఒకవైపు. గోడ మీద అలా రాసిలేదు, పాస్టరు గారు చెప్పనూ లేదు. పిల్లలం మాత్రం తప్పకుండా మన వరుసలోకే వెళ్లి కూర్చునేవాళ్లం.

నేర్చుకున్నదాన్ని మరిచిపోయి కొత్తగా నేర్చుకోవడం సాధ్యమా? సమాజశాస్త్రంలో దీన్ని పునఃసాంఘికీకరణ అంటారు. మన చరిత్రలోనే దానికి గొప్ప ఉదాహరణ ఉంది. ఒంగోలు ప్రాంతంలో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెంట వచ్చినవాళ్లు మూడు నియమాలు పెట్టుకున్నారు. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి భక్తి నియమాలే. కానీ వాటితో ఎవరికి ఇబ్బంది కలిగిందో చూడండి. ఆదివారం రానంటే పొలం పని ఆగుతుంది. జాతరలో డప్పు కొట్టనంటే ఊరి పెద్దల పరువు పోతుంది. అందుకే వాళ్లను నీళ్ల దగ్గర అడ్డుకున్నారు, పనులు మాన్పించారు, కొట్టారు. తిండి, కాలం, చాకిరీ: ఈ మూడింట్లో తాతముత్తాతలు నేర్పిన పాఠాన్ని చదువురాని మనుషులు తిరగరాశారు. ఆ తర్వాత 1876-78 కరువు, బకింగ్‌హామ్ కాలువ పనులు, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం, ఇవన్నీ మీరు సండేస్కూల్లో విన్నవే. ఆ సంఖ్య కంటే పేరయ్య కాలపు ఆ మొండితనమే నాకు పెద్ద అద్భుతం. ఇంత తిరగరాసినవాళ్లం మాల మాదిగల మధ్య గీతను మాత్రం చెరపలేదు. దాన్ని భద్రంగా గుడిలోకి తెచ్చుకున్నాం.

ఇక ఆధునికోత్తర సమాజం. ఆధునికం ఏమిటో తెలిస్తే ఇది తేలిక. మా గనులే ఆధునికం. 1902లోనే శివనసముద్రం నుంచి మాకు కరెంటు వచ్చింది. సైరన్ మోగితే లేవాలి, సైరన్ మోగితే దిగాలి. ఒకే కంపెనీ, ఒకే జీతం రోజు, మనవడి దాకా గని చూసుకుంటుందనే ఒకే కథ. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. కథ ముగిసింది. పెద్ద కథల మీద నమ్మకం సడలడమే ఆధునికోత్తర స్థితి అని ఫ్రాన్సులో లియోటార్ 1979లో రాశాడు. మావాళ్లకు ఆయన పుస్తకం అక్కర్లేకపోయింది. గని గేటుకు పడిన తాళం చూస్తే చాలు.

ఇప్పుడు ఆ లైన్ల పిల్లలు తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు వస్తారు. ఒకరు సెక్యూరిటీ, ఒకరు డెలివరీ, ఒకరు సాఫ్ట్‌వేర్. ఎవరి వేళలు వాళ్లవి. చేతిలో ఫోను, అందులో హైదరాబాదు ప్రసంగీకుడు, కొరియా పాట. పేరు మార్చుకోవచ్చు, భాష మార్చుకోవచ్చు, చర్చి మార్చుకోవచ్చు. స్థిరంగా ఉన్నవన్నీ ద్రవంలా పారుతున్నాయని బౌమన్ అన్నది ఇదే. ఇందులో మంచి ఉంది, నేను కాదనను. మా అవ్వకు ఒక్క గుమ్మమే ఉండేది, మీకు వంద తలుపులున్నాయి.

కానీ పెళ్లి మాట రానివ్వండి. మీలో ఒకబ్బాయి నాతో చెప్పాడు, పేరు చెప్పను. మంచి ఉద్యోగం, గాయక బృందంలో గిటారు. అమ్మాయికి ఇష్టమే. వాళ్ల నాన్నగారు ఫోన్లో ఎంతో మర్యాదగా ఒకే ప్రశ్న అడిగారట: 'బాబూ, మీరు ఏ క్రిస్టియన్స్?' మెథడిస్టులమని చెప్పాడు. 'అది కాదు బాబూ' అన్నారట. అక్కడితో సంబంధం ఆగిపోయింది. పెళ్లిళ్ల యాప్‌లోనూ అదే ప్రశ్న ఉంది, నొక్కడానికి అందమైన గడితో సహా. ఒకప్పుడు అవ్వ చెవిలో చెప్పిన పాఠాన్ని ఇప్పుడు ఫోను చెబుతోంది. డబ్బుతో కొనగల చోటంతా ఎంచుకునే స్వేచ్ఛ వచ్చింది, మిగతాచోట పాత పాఠమే నడుస్తోంది. ప్రభుత్వం తీరు ఇంకా విచిత్రం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మతం మారిన దళిత క్రైస్తవుడు షెడ్యూల్డు కులంవాడు కాడు. పొరుగువాడికి, పెళ్లిసంబంధాల వాడికి ఆ ఉత్తర్వు సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

అవ్వ చివరి రోజుల్లో నా దగ్గర బెంగళూరులో ఉంది. ఒకసారి పక్క ఫ్లాటు ఆవిడ గ్లాసుతో నీళ్లు తెచ్చిచ్చింది. అవ్వ గ్లాసు అందుకోలేదు, దోసిలి పట్టింది. ఆవిడకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది కానీ ఏం చెయ్యాలో తోచలేదు. గ్లాసు తీసుకుని అవ్వ చేతిలో పెట్టాను.

ఇప్పుడు టీ ఉంది. టీ తర్వాత ఐదుగురేసి కూర్చోండి. దయచేసి ఎప్పుడూ కూర్చునేవాళ్లతో కాకుండా వేరేవాళ్లతో కూర్చోండి. 'మీరు ఏ క్రిస్టియన్స్' అనే ప్రశ్న మొదటిసారి ఏ వయసులో విన్నారు, దానికి ఏం జవాబు చెప్పాలో ఎవరు నేర్పారు, ఈ రెండూ రాయండి. పేర్లు రాయకండి. కాగితాలు నేనే తీసుకుంటాను, సాయంత్రం కలిసి చదువుదాం.