వాల్వులకు మౌనము నేర్పుట
(వరాఛాలో జరిగిన సమాజ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



వజ్రములకు సానపట్టు చక్రములును, మరమగ్గములును ఎడతెగక మ్రోగు ఈ సూరతు నగరమున హరికథయైనను, భజనయైనను మైకుసెట్టు లేనిదే సాగదు. మన సమాజమున నేటికిని వాల్వు ఆంప్లిఫయరే యున్నది. దానిని అమ్మివేయవలెనని కొందరును, ఉంచుకొనవలెనని కొందరును వాదించుచున్నారు. కార్యక్రమముల నడుమ దాని గురగుర నాపుట యెట్లన్నదే ఈ వివాదమునకు మూలము. నేను చదివినది సాహిత్యము, యంత్రశాస్త్రము కాదు. అయినను సంగతి తెలియక తీర్పు చెప్పరాదని కొంత చదివి, మరమ్మతుదారుల నడిగి తెలిసికొంటిని.

ఫ్లెమింగు 1904లో రెండు ధ్రువముల వాల్వును నిర్మింపగా, లీ డీ ఫారెస్టు 1906లో దానికి గ్రిడ్డును చేర్చెను. వేడెక్కిన కేథోడు ఎలెక్ట్రానులను వెడలించును. నాలుగైదు వందల వోల్టులు గల ప్లేటు వానిని లాగికొనును. నడుమనున్న గ్రిడ్డు ఋణవోల్టేజితో ద్వారపాలకుని వలె ఎన్నిటిని విడువవలెనో నిర్ణయించును. చివరి వాల్వుల శక్తి ట్రాన్స్‌ఫార్మరు ద్వారా స్పీకరునకు చేరును.

ఇక మన కుర్రవాండ్రు చేయు పని చూడుడు. గురగుర వినబడగనే స్పీకరు తీగను ఊడబీకుదురు! పాట సాగుచుండగా ఇట్లు చేసినచో ట్రాన్స్‌ఫార్మరులోని అయస్కాంతశక్తికి పోవుటకు దారి యుండదు. అది ప్లేట్ల వైపున మిక్కిలి హెచ్చు వోల్టేజియై విజృంభించి, చుట్ల నడుమ నున్న పొరను చీల్చును. ట్రాన్సిస్టరు సెట్టునకు స్పీకరు తీగలు ఒకదానికొకటి తగులుట ప్రమాదము. వాల్వు సెట్టు దానిని కొంతసేపు సహించును గాని, తీగ తెగుటను సహింపదు. ట్రాన్సిస్టరుకు అలవడిన చేతులు ఇచ్చటనే పొరబడును. వాల్వు కాలినచో మరియొకటి తెచ్చి పెట్టవచ్చును. ఆ ట్రాన్స్‌ఫార్మరును సరిగా చుట్టగలవారు నేడు అరుదు.

మాటిమాటికి మెయిన్సు నార్పుటయు మంచిది కాదు. చల్లారిన హీటరునకు నిరోధము తక్కువ. వెలిగించిన ప్రతిసారి విద్యుత్తు ఒక్కుమ్మడిగా దూకును.

చివరి వాల్వుల గ్రిడ్డును నేరుగా భూమికి కలుపుదమని ఒకరు సూచించిరి. కేథోడు నిరోధముచే బయాసు పొందు సెట్టులలో ఇది చెల్లును. మన సెట్టు అట్టిది కాదు. ప్రత్యేకముగా ఋణవోల్టేజి నిచ్చు తరగతిది. దానిలో గ్రిడ్డును భూమికి తగిలించిన ద్వారపాలకుడు పారిపోయినట్లే. ప్లేట్లు ఎఱ్ఱబారి, వాల్వులు నిమిషములలో నశించును. కండెన్సరు ద్వారా కలిపినచో ధ్వని మాత్రమే భూమికి పోవును, బయాసు నిలుచును.

నాకు నచ్చిన ఉపాయము వేరు. స్విచ్చు వేయగనే గ్రిడ్డుల ఋణవోల్టేజి క్రమముగా హెచ్చి, వాల్వులలో ప్రవాహము పూర్తిగా ఆగవలెను. ఒక నిరోధము, ఒక కండెన్సరు ఉన్నచో ఈ మార్పు మెల్లగా జరుగును. స్పీకరు 'ధబ్' మనదు. చివరి వాల్వులే నిద్రించును గనుక, పవర్ సప్లయి నుండి వాని ద్వారా వచ్చు గురగుర కూడ అణగును. అయితే భారము తొలగినప్పుడు హెచ్చు వోల్టేజి మరింత పెరుగును. ఫిల్టరు కండెన్సరులు దానిని తాళునో లేదో ముందుగా కొలిపింపవలెను.

ఈ నిద్ర గంటలకొలది సాగరాదు. హీటరు వెలుగుచు ప్రవాహము లేక యున్నచో కేథోడుపై అడ్డుపొర యేర్పడవచ్చును. అమెరికాలో వర్ల్‌విండ్ అను కంప్యూటరును నిర్మించినవారు ఈ వ్యాధిని పరిశోధించి, కేథోడు నికెలులోని సిలికాను కారణమని కనుగొని, సిలికాను లేని నికెలుతో వాల్వులు చేయించిరి. పది నిమిషముల విరామమునకు ఆ భయము లేదు.

తల్లులకు ఒక్క మాట. ప్లగ్గు తీసిన పిదపను కండెన్సరులలో వందల వోల్టులు నిలిచియుండవచ్చును. మూత తెఱచిన సెట్టు దరికి పిల్లలను పోనీయకుడు. వానిని నిరోధము ద్వారా ఖాళీచేసి, మీటరుతో చూచిన పిమ్మటనే మరమ్మతుదారుడైనను చేయి పెట్టవలెను.

సెట్టును ఉంచుకొనవలెననియే నా అభిప్రాయము. స్పీకరు తీగలను స్క్రూలతో బిగింపించి, క్రొత్త స్విచ్చు ప్రక్కన తెలుగులోను, గుజరాతీలోను 'మౌనము' అని వ్రాయింతము. మరమ్మతుదారుడిచ్చిన అంచనాను కోశాధికారిగారి చేతికిచ్చితిని.