భూమియు కూలియు



సంఘనిధితో కల్యాణమండపము కట్టింపవలెనా, భూమిలేని కుటుంబములకై ఉమ్మడిగా భూమి కొనవలెనా యను చర్చ మనలో రేగియున్నది. మేము భూమి పక్షము వారము. అందుకు సాక్ష్యముగా సముద్రముల కావల జరిగిన యొక వృత్తాంతమును నివేదింతుము. దూరపు కథ యని విసుగుకొనకుడు. అందు మన దేశస్థులకును భాగము కలదు.

దక్షిణ అమెరికా ఉత్తరతీరమున గయానా దేశము కలదు. ఆంగ్లేయుల పాలనలో అచ్చటి చెఱకుతోటలు ఆఫ్రికా బానిసల చెమటతో సాగెను. 1833లో ఆంగ్ల పార్లమెంటు బానిసత్వమును రద్దుచేయుచు 2 కోట్ల పౌండ్ల పరిహారమును మంజూరు చేసెను. ఎవరికి? దెబ్బలు తిన్నవారికి గాదు, యజమానులకు! జాన్ గ్లాడ్‌స్టన్ అను వర్తకుడు గయానాలోను జమైకాలోను గల తన 2,508 మంది బానిసలకుగాను లక్ష పౌండ్లకు మించి పుచ్చుకొనెను. ఈ పరిహారమునకై చేసిన యప్పు రూపములు మాఱుచు 2015లో గాని తీఱలేదు. విముక్తులకు మాత్రము అప్రెంటిసులను పేర మఱి నాలుగేండ్ల వెట్టి దక్కెను. అది 1838 ఆగస్టు 1వ తేదీన ముగిసెను.

దున్నుకొనుటకు తనదను నేల యున్నవాడు పరుని తోటలో పరుడు చెప్పిన కూలికి రాడు. విముక్తు లీ సంగతి నెఱుగుదురు. 1839 నవంబరులో 83 మంది తమ కాసులను ప్రోగుచేసి నార్త్‌బ్రూక్ అను తోటను కొనిరి. నాణెములను చేబండ్లలో త్రోసికొని వచ్చిరని చెప్పుదురు. ఎన్ని ఆదివారపు సంతల సంపాదనయో! ఆ యూరికి విక్టోరియా యని పేరిడిరి. అది నేటికిని యున్నది. వారిని చూచి ఇతరులును తోటలు కొని ఊళ్లు కట్టుకొనిరి.

దొరలు ఊరకుండలేదు. 1850ల దశకమున ఉమ్మడిగా భూమి కొనువారి సంఖ్యకు శాసనముచే హద్దు పెట్టించిరి. ఆ తీరభూమి సముద్రపు పోటుమట్టమునకు దిగువ నుండునది. గట్లు, కాలువలు, తూములు చెడినచో పైరు మునుగును. వాని మరమ్మతు వ్యయము గ్రామస్థులను క్రుంగదీసెను. పట్టా చేతికి వచ్చినంతమాత్రమున భూమి మనది కాదు, నీరు పోవు దారియు మనదై యుండవలెను. మన కొనుగోలు సంఘమువా రిది గమనింతురు గాక.

గ్లాడ్‌స్టన్ 1836లోనే వేఱొక యుపాయ మెత్తెను. కలకత్తా వర్తకులకు జాబు వ్రాసి భారతదేశపు కూలీలను కోరెను. తొలి రెండోడలు 1838 మే 5వ తేదీన గయానా చేరెను. అప్పటికి వెట్టి యింకను ముగియనేలేదు, చూడుడు! 1917 వఱకు అట్లు పోయినవారు సుమారు 2,39,000. అందు మదరాసు రేవున నెక్కినవారును కలరు. మన కోరంగి రేవునుండి మారిషసునకు పోయిన తెలుగువారు వేఱు. ఒడంబడిక గడువులోపల పని మానినవానికి చెఱసాల. కూలీలను రప్పించు ఖర్చులో కొంత ప్రజల పన్నులనుండియే, అనగా విముక్తులు కొను తిండిపై సుంకమునుండియే, రాబట్టిరి. తమ కూలి తగ్గించుటకు తామే సొమ్మిచ్చుకొనిరన్న మాట.

గల్ఫుదేశములకు పోవుటకై దళారికి రుసుము చెల్లింప నేడు మన యువకులు తండ్రుల పొలములను తాకట్టు పెట్టుచున్నారు. అట్టి తాకట్టులను విడిపించుట కీ నిధినుండి తక్కువ వడ్డీకి అప్పిచ్చుటయు మా ప్రతిపాదనలో చేరియున్నది. రేపటి బైఠకులో దీనిని వోటునకు పెట్టవలెనని కోరుచున్నాము. మండపము ఇంకొక యేడు ఆగవచ్చును. పెండ్లిండ్లకు మన పందిళ్లు చాలును.