జలుబు బిళ్లకు కాపలా

కార్తీక మాసం వానలు పట్టుకున్నాయంటే మైపాడు, కృష్ణపట్నం తీరంలో ఇంటికొకరికి పడిశం. మందుల షాపులో ఇచ్చిన జలుబు బిళ్ల అట్ట తిప్పి చూడండి, ఎక్కువగా ఫినైలెఫ్రిన్ అని ఉంటుంది. ముక్కు దిబ్బడకు అంతకన్నా బాగా పనిచేసేది సూడోఎఫెడ్రిన్. చిక్కేమిటంటే, మెథాంఫెటమిన్ అనే మత్తుమందుకు అదే ముడిసరుకు. అందుకే మన దేశంలో 2013 ఉత్తర్వు దాని తయారీ, అమ్మకాలకు లెక్క చెప్పమంటుంది. అమెరికాలోనైతే 2006 నుంచి గుర్తింపు కార్డు చూపి, సంతకం పెట్టాలి. 2012లో అక్కడ నెక్సాఫెడ్ వచ్చింది: కరిగించి సూడోఎఫెడ్రిన్‌ను విడదీయబోతే జిగురుగా ముద్దకట్టే బిళ్ల. ఉపాయం మంచిదే. కానీ పక్కనే మామూలు బిళ్లలు దొరుకుతుంటే మత్తుమందు వండే దొంగ దీన్ని ముట్టుకుంటాడా? కట్టడులతో అమెరికా ఇళ్లలో గుట్టుగా వండేవాళ్లు తగ్గారు, నిజమే. మెక్సికో ముఠాలు మాత్రం వేరే రసాయనాలతో టన్నులకొద్దీ తయారుచేసి సరిహద్దు దాటిస్తూనే ఉన్నాయి.