అంకె మారని అప్పు



రెండు మహాయుద్ధముల నడిమి కాలమనగానే చరిత్ర గ్రంథములు హిట్లరును, ముస్సోలినీని చూపును. నేను మన సీమ రైతు వ్రాసియిచ్చిన ప్రామిసరీ నోటును చూపదలచితిని.

జర్మనీలో 1923 నవంబరు నాటికి ఒక్క డాలరు నాలుగు లక్షల కోట్ల మార్కులకు పైగా పలికెను. అచ్చట అప్పిచ్చినవాడు మునిగెను. 1929 తరువాత మనకు పట్టిన గ్రహచారము దీనికి తలక్రిందులు. మన రాజధాని వేరుసెనగ ఓడలెక్కి ఫ్రాన్సులోని మార్సెయి నూనె గానుగల దాక పోవుచుండెడిది. అచ్చట బేరము తగ్గగా ఇచ్చట కళ్లములో ధర పడెను. ఉదాహరణకు, బస్తా ఎనిమిది రూపాయలున్న నాడు ఒక రైతు ఎనుబది రూపాయలు తెచ్చుకొనెననుకొందము. అది పది బస్తాల అప్పు. ధర నాలుగు రూపాయలైనచో ఇరువది బస్తాలు కొలువవలెను. నోటుపై అంకె మారలేదు. వడ్డీ సరేసరి. వాన రాని యేట ఆ బస్తాలెక్కడివి? మన్రో దొరనాటి రైత్వారీ పద్ధతిలో శిస్తును రొక్కముగనే కట్టవలయును గనుక అదియు నిట్లే బరువయ్యెను.

1931 సెప్టెంబరులో ఇంగ్లండు బంగారు ప్రమాణమును విడిచెను. బంగారమునకు ధర పెరిగి, దేశమంతట ఇండ్లలోని నగలు బొంబాయి మీదుగా సముద్రము దాటెను. తొలకరికి చేలలో వజ్రము దొరకునను ఆశ మన వజ్రకరూరునకు అలవాటే గాని, ఆ ఆశతో అప్పులు తీరవు గదా!

నోటుకు మూడేండ్లు దాటిన కాలదోషము పట్టును. అందుచే గడువులోపల వడ్డీని అసలులో కలిపి క్రొత్త నోటు వ్రాయించుకొనుట సాహుకార్ల వాడుక. ఒక్కమాటుగా పుచ్చుకొను వడ్డీ అసలును మించరాదని మనువు ఎనిమిదవ అధ్యాయమున విధించియున్నాడు. బొంబాయి న్యాయస్థానములు ఈ నియమమును దామ్‌దుపట్ అను పేర పాటించినవి. మద్రాసు రాజధానిలో అది చెల్లలేదు.

1937 జూలైలో రాజాజీ మద్రాసు ప్రధాని అయ్యెను. 1938 నాటి రైతు ఋణవిమోచన చట్టము, 1932 అక్టోబరు 1కి ముందరి అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీని రద్దు చేసెను. అసలుకు రెట్టింపు ముట్టియున్నచో ఆ అప్పు తీరినట్లే. మనువు నియమమునకు ఇంత కాలమునకు మన రాజధానిలో చోటు దొరకెనని నాకు సంతోషము. అయినను భూమి లేని కూలికి ఆ చట్టములో చోటు లేదు. సాహుకార్లు చేయి ముడుచుకొనగా విత్తనములకు సైతము క్రొత్త అప్పు పుట్టుట దుర్లభమయ్యెను. చిక్కు మరియొకటి కలదు. రెట్టింపు ముట్టినదని ఋజువు చేయుటకు నోటు వెనుక వేసిన చెల్లులే ఆధారము. వ్రేలిముద్ర వేసిన రైతుకు ఆ వెనుకవైపున ఏమి వ్రాసియున్నదో చదివి చెప్పు మనిషి కావలసివచ్చెను.